బాబాగారి ద్రాక్ష జాడీలు నేను కడిగిన వైనం

ఓ మంచి ఇంటిని పోలీసుల నుంచి కాపాడబోయి, ఆ ఇంటి తాతల నాటి సొత్తును పీచుతో తోమి కడిగేసిన ఘనురాలిని నేనే. నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు ఏడుపు ఆగలేదు.

నాది కడప. జబల్ అఖ్దర్ కొండ మీద ఒక ఒమానీ ఇంట్లో వంటపని. పెద్దాయనను బాబా అంటాం. మందులు కొట్టకుండా కొండ మెట్ల మీద ద్రాక్ష పండిస్తారు. ఆ ఏడు పండ్లు పిండి మట్టిజాడీల్లో పోశారు. కొన్నాళ్లకు అవి బుసబుస పొంగాయి. ఆ వాసన నాకు కొత్తా? మా ఆయన రోజూ ఇంటికి తెచ్చేవాడు!

ఐదుపూటలా నమాజు చేసే మనిషి ఇంట్లో సారా ఏమిటి? నా బుర్ర తిరిగిపోయింది. బాబాను అడగాలంటే భయం. డ్రైవర్ మల్లేశుది జగిత్యాల, వాడిని పిలిచాను. వేలు ముంచి నాకాడు.

"అక్కా, ఇది మందే. నా నోరు తప్పు చెప్పది."

"మరి నమాజో?"

"గదే సమజైతలేదు."

ఆ శుక్రవారం ఇంటివాళ్లు మసీదుకు వెళ్లగానే పోలీసు జీపు వచ్చింది. యూనిఫాం మనిషి దిగి, తిన్నగా ముందుగదిలో కూర్చున్నాడు. ఇంకేముంది! బాబా జైలుకు, నేను కడపకు, మా పాప కాలేజీ గంగలోకి!

"మల్లేశా, పట్టు! అన్నీ బాత్రూములో పొయ్యి!"

"ఆయనకు చాయ్ ఇద్దామక్కా, ఎందుకొచ్చిండో..."

"నోర్మూసుకోని వొంపప్పా!"

మూలనున్న పాత జాడీ అడుగున జిగటగా ఏదో ఉంటే, సబ్బేసి రెండుసార్లు కడిగాను. శుభ్రత విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

బాబా వచ్చి ఆ పోలీసును కౌగిలించుకున్నాడు. ఆయన చెల్లెలి కొడుకట! ఏటా వచ్చి డబ్బా నింపుకుపోతాడట. దేన్ని? వెనిగర్‌ను! ద్రాక్షరసం ముందు మత్తెక్కి, తర్వాత పులిసి వెనిగరవుతుందట. పెరుగుకు తోడులా, మూల జాడీలోని జిగట దానికి తోడట. వాళ్ల తాత నాటిది.

"ఎవరు పారబోశారు?"

"నేనే బాబా. మిమ్మల్ని కాపాడదామని."

ఆయన తిట్టలేదు. ఖాళీ జాడీ పక్కన కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

అప్పుడు మల్లేశు తల గోక్కుంటూ తన మంచం కిందనుంచి ఒక క్యాన్ తెచ్చాడు. "పాతదైతే కిక్కు ఎక్కువుంటదని మూల జాడీలకెల్లి మొన్ననే తీసిన బాబా. డ్యూటీ అయినంక తాగుదామని దాచిన."

బాబా మూత తీసి వాసన చూశాడు. తాత నాటి తోడు అందులో భద్రంగా ఉంది! మల్లేశు నుదుటి మీద ముద్దు పెట్టాడు!

ఇంటిని కాపాడిన నాకు జాడీలు తోమే పని మళ్లీ పడింది. ఇప్పుడా జాడీల గదికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసా? మల్లేశు దగ్గర!

అందుకే కొండ సాక్షిగా ఒట్టు వేశాను. అడగనిదే ఇంకెవరినీ కాపాడను. అడిగినా సరే, పారబోసే ముందు ఓ గుటక రుచి చూస్తాను.