తాడు లాగని మెకానిక్

మా అక్కయ్య పోయిందన్న కబురు బంధువుల వాట్సాప్ గ్రూపులో చదివాను. "కంకిపాడు స్ప్రేయర్ల మెకానిక్ గారి భార్య ఈ ఉదయం స్వర్గస్థులయ్యారు" అని ఎవరో పెట్టారు. ఆ మెకానిక్ గారు పోయి చాలా ఏళ్లయింది. అయినా ఆవిడ ఆయన భార్యగానే పోయింది. కింద వరసగా దణ్ణం బొమ్మలు. గుణదలలో మా వంటింట్లో నిలబడి ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఏడుపు తర్వాత కంకిపాడు బస్సులో వచ్చింది.

అక్కయ్య అంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అందరం కంకిపాడులో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. వీధివైపు బావగారి కొట్టు, మధ్యలో తెర, వెనక ఇల్లు, ఇంకా వెనక రేకుల పంచ. మందు కొట్టే స్ప్రేయర్లు, చిన్న నీటి ఇంజన్లు, గడ్డి కోసే మిషన్లు, ఇలా పెట్రోలుతో నడిచే చిన్న మిషను ఏది మొరాయించినా ఆ కొట్టుకే వచ్చేది. బోర్డు మీద బావగారి పేరు, పక్కన మెకానిక్ అని ఎర్రక్షరాలు. నేనీ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నది ఒక్క సంగతి చెప్పడానికే. మెకానిక్ ఆయన కాదు, ఆవిడ. బావగారికి ప్లగ్గు మార్చడం వచ్చు. అది మీలో చాలామందికి వచ్చే ఉంటుంది.

అక్కయ్య పుట్టిల్లు ఉయ్యూరు వైపు. వాళ్ల నాన్నగారు కాలవ గట్ల మీద ఆయిలింజన్లు బాగుచేసేవారు. కొడుకులు లేరు, పానాలు అందించడానికి కూతుర్నే వెంట తిప్పుకున్నారు. అందించే చెయ్యి కొన్నాళ్లకు బిగించే చెయ్యి అయింది. పెళ్లయి వచ్చాక ఆవిడ రేకుల పంచలో పీట వేసుకుని కూర్చుంది. కొట్టుకి వచ్చిన మిషను తెర దాటి వెనక్కి వచ్చి, ఆవిడ ముందు విడిపోయి, మళ్లీ ఒక్కటై తెర దాటి ముందుకి వెళ్లేది. రైతులకు ఆ తెర ఒక్కటే తెలుసు.

ఏ మిషను వచ్చినా ఆవిడ ముందు ట్యాంకు మూత తీసి వాసన చూసేది. సార్వా పంట అయిపోగానే స్ప్రేయరును పెట్రోలుతో సహా అటకెక్కించి, మినుముకు మందు కొట్టేటప్పుడు దించి, స్టార్టవటం లేదంటూ తెచ్చేవాళ్లే ఎక్కువ. "పాచిపోయిన పప్పుచారు పోసి పని చెయ్యమంటే ఎవరు చేస్తారు" అని గొణుక్కుంటూ పారబోసేది. కార్బరేటర్లో పెట్రోలు దిగే సన్నటి జెట్టు పూడుకుపోతే మెత్తటి చీపురు పోచతో తీసేది. సూదిగాని పిన్నీసుగాని జెట్టు దగ్గరికి రానిచ్చేది కాదు. ఆ చిల్లి ఒక్క పిసరు పెద్దదైతే ఇక దాని ఆకలి తీర్చలేమనేది. మంగళసూత్రాల గొలుసుకి మాత్రం ఎప్పుడూ ఒక పిన్నీసుల గుత్తి వేలాడుతుండేది. ఎండిన మట్టి గీకడానికి, జారిపోయిన స్ప్రింగును పైకి లాగడానికి అవి కావాలి. పని చేస్తున్నంతసేపూ ఎవరితోనో పోట్లాడుతున్నట్టు మొహం పెట్టేది. శాంతమూర్తి అని నేను రాస్తే పైనుంచి తిడుతుంది.

ఈ పనిలో ఒక మర్యాద ఉంది. మిషను బాగైందని నోటితో చెబితే ఎవరూ పట్టుకెళ్లరు. యజమాని ఎదురుగా దాన్ని నేల మీద పెట్టి, కాలితో అదిమి, తాడు లాగి స్టార్ట్ చేసి చూపించాలి. ఆ తాడు లాగిన మనిషే మెకానిక్. విప్పిందెవరు, బిగించిందెవరు అని అడిగే అలవాటు లేదు. మా కొట్లో తాడు లాగేది బావగారు. అక్కయ్య వెనక పంచలో ముందే స్టార్ట్ చేసి, కాసేపు నడిపి, ఆ వేడి చల్లారకుండా ముందుకు పంపేది. ఆయన పంచె ఎగ్గట్టి ఒక్క లాగు లాగితే మిషను గర్రుమనేది. నీ చేతిలో ఏదో ఉందయ్యా అని రైతు మెచ్చుకునేవాడు. ఆ మాట వెనక్కి వినిపించేది. ఆవిడ సబ్బుపొడితో చేతులు రుద్దుకుంటూ నాతో అనేది: "వేడి మీదున్న ఇంజన్ని ఎవరైనా లాగుతారు చెల్లాయ్. చల్లదాన్ని లేపమను."

చుట్టుపక్కల పొలాలు వెంచర్లయ్యాయి, రోడ్డు పొడుగునా ఫంక్షన్ హాళ్లు లేచాయి, వాటి ముందు పచ్చిక మొలిచింది. నీటి ఇంజన్లు తగ్గి గడ్డి కోసే మిషన్లు పెరిగాయి. ఒకసారి గుణదల నుంచి ఒక బడి తోటమాలి తన మిషనును ఆటోలో వేసుకుని వచ్చాడు. స్టార్టవుతుంది, కాసేపు నడుస్తుంది, ఆయాసపడి ఆగిపోతుంది. బెజవాడలో ఇద్దరు ముగ్గురికి చూపించాడట, ప్లగ్గులు మార్చారు, ఫిల్టర్లు మార్చారు, మళ్లీ అదే తంతు. బావగారు లాగారు. నడిచింది, ఆగింది. మళ్లీ లాగారు. తెర వెనక అక్కయ్య చేస్తున్న పని ఆపి వింటోంది. ఉన్నట్టుండి లేచి, తెర తోసుకుని కొట్లోకి వెళ్లింది. ఆవిడ అలా వెళ్లడం నేను చూసింది అదే మొదలు.

వానలకు ముందు దీనికేమన్నా చేశారా అని తోటమాలిని అడిగింది. అతను కాస్త గర్వంగానే చెప్పాడు. ట్యాంకు మూతకి నడిమధ్య సన్నటి చిల్లి ఉంది, అందులోంచి వాన నీళ్లు పెట్రోల్లో పడతాయని, మేరీమాత గుడి దగ్గర కొన్న కొవ్వొత్తి కరిగించి మైనంతో పూడ్చేశాడట. అక్కయ్యకు నవ్వొచ్చింది.

"లోపలికి గాలి పోకపోతే పెట్రోలు కిందికి ఎట్టా దిగుద్దండీ? దానికి ఊపిరాడటంలా" అంది. మెళ్లోంచి ఒక పిన్నీసు తీసి, మూత మీది మైనం పెకలించి, బావగారి వైపు చూసి తల ఊపింది. ఆయన లాగారు. ఇక చాలు ఆపండి అని తోటమాలే అనేదాకా నడిచింది. అతని కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు, బావగారికి. మీ పని మీ ఇంట్లో ఆడవాళ్లక్కూడా అబ్బిందండీ అని మెచ్చుకున్నాడు. బావగారు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకిప్పటికీ మింగుడు పడదు.

ఆ సాయంత్రం అన్నాలు వడ్డిస్తూ అక్కయ్య అడిగింది, తెర తీసేద్దామని, రేపట్నుంచి కొట్లో తాడు తనే లాగుతానని. ఆయన కేకలెయ్యలేదు. ఆడమనిషి చేసిందంటే రైతు నమ్మడని, ఇక్కడ బాగుచేయించుకుని మళ్లీ ఇంకోచోట చూపించుకుంటాడని, మెల్లగా, చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పారు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. చెడ్డవాడు కాదు. తాగుడు లేదు, చెయ్యెత్తలేదు, పండక్కి ఇద్దరికీ ఒకే రకం చీరలు తెచ్చేవారు. మెకానిక్ అన్న మాట మాత్రం ఆవిడకు ఒక్క పూటైనా ఇవ్వలేకపోయారు.

మర్నాడు ఆవిడ ఒక స్ప్రేయరును చల్లగా పంపింది. బాగుచేసింది, బిగించింది, ఒక్కసారి కూడా నడపకుండా తెర కిందినుంచి ముందుకు తోసేసింది. కొట్టు నిండా జనం. బావగారు లాగారు. ఉలకలేదు. చల్లటి ఇంజనుకి చోకు ఎంత వెయ్యాలో ఆయనకు తెలియదు, తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. చొక్కా తడిసిపోయేదాకా లాగారు. ఇవాళ టిఫిన్ చెయ్యలేదా మెకానిక్ గారూ అని ఎవరో అంటే అందరూ నవ్వారు. చివరికి ఆయనే దాన్ని మోసుకుని తెర వెనక్కి వచ్చారు. ఆవిడ చోకు సగం మూసి, తొందర లేకుండా లాగింది. ఇంజను అందుకుంది. ఆయన దాని వంక చూస్తూ నిలబడ్డారు.

"పరువు తీశావు" అన్నారు. అంతే.

ఆ తర్వాత మళ్లీ అన్నీ వేడిగానే వెళ్లాయి. ఎందుకు తగ్గావని నేను తగువేసుకుంటే, ఆ పరువు మీదే కదా మన పొయ్యి వెలిగేది అంది. ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు. కాని మేం గుణదలకు మారి నేను కుట్టు మిషను పెట్టుకున్నప్పుడు, బోర్డు రాయించే రోజున ఆవిడ పని మానుకుని బస్సెక్కి వచ్చింది. మా ఆయన పేరు రాయించబోతున్న పెయింటర్ని ఆపి, కుట్టేదెవరో వాళ్ల పేరు రాయమంది. మా ఆయన ఏదో అనబోతే ఆయన వంక ఒక్క చూపు చూసింది. నా బోర్డు మీద ఇవాళ నా పేరుందంటే అది ఆవిడ పెట్టిన భిక్ష. తనకు దక్కనిది నాకు ఇప్పించి, మళ్లీ బస్సెక్కి ఆ పంచలోకే వెళ్లిపోయింది.

బావగారు గుండెపోటుతో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. పిల్లల్లేరు. పదోరోజున ఆవిడ మెళ్లో గొలుసు తీస్తుంటే ఆడవాళ్లందరూ ఏడుస్తున్నారు. అంతదాకా ఏడ్చి సొమ్మసిల్లినట్టున్న మనిషి చెయ్యి చాపి, "ఆ పిన్నీసులు ఇట్టివ్వండి, పనికొస్తయ్" అంది. మొగుడు పోయిన మనిషి పిన్నీసులడగడం ఏమిటని పెద్దవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. ఎవరూ ఇవ్వకపోతే నేనే గొలుసులోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ తెర పీకేసి కొట్టు తెరిచింది. రైతులు వచ్చారు. గుమ్మంలో నిలబడి, మెకానిక్ గారు పోయాక కొట్టెందుకు తెరిచావమ్మా, సామాన్లేమైనా అమ్మేస్తున్నావా అని అడిగారు. ప్లగ్గులు కొనుక్కున్నారు, మిషన్లు ఇవ్వలేదు. వాళ్ల ఎదురుగా చల్లటి ఇంజను తాడు లాగి స్టార్ట్ చేసి చూపించింది. పాపం, పోయేముందు ఆయన బాగుచేసి పెట్టింది కాబోలు అనుకున్నారు. ఒకాయనైతే బావగారి హస్తవాసిని తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ ఎన్నోసార్లు బతికించిన స్ప్రేయరునే భుజాన వేసుకుని సెంటర్లో కొత్తగా పెట్టిన కొట్టుకి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ఆవిడ షట్టరు దించేసింది.

ఆ కొత్త కొట్టు మెకానిక్ నడివయసు మనిషి, మాటకారి. కొన్నాళ్లు పోయాక అతను అక్కయ్య పెరటి గుమ్మం తట్టడం మొదలుపెట్టాడు. తనకు కొరుకుడు పడని కార్బరేటర్లు క్యారీబ్యాగులో వేసుకుని వచ్చేవాడు. అక్కగారూ ఇదొక్కటి చూడండి అనేవాడు. ఎప్పుడూ పెరటి దారే. ఆవిడ చేసిచ్చేది, అతను వెళ్లి నలుగురి ముందూ తాడు లాగేవాడు. నువ్వెందుకు చేస్తావని నేను దెబ్బలాడితే, ఎవరు లాగితేనేం, అది నడుస్తోందిగా అనేసి మొహం తిప్పుకుంది. ఆవిడకు పట్టింపు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ మొహం నేను చూశాను.

నేను వెళ్లేసరికి ముందు గదిలో ఐస్ బాక్సులో పడుకోబెట్టారు. బయట షామియానా, కుర్చీల్లో మగవాళ్లు. వాళ్లలో ఆ రైతులూ ఉన్నారు. వెనక పంచలో పీట పక్కన ఒక స్టీలు పళ్లెం, అందులో విప్పిన కార్బరేటరు ముక్కలు. దాని అడుగు గిన్నె, లోపలుండే సన్నటి సూది, స్ప్రింగు, పక్కన చీపురు పోచ. దాని దగ్గర నేను కూర్చుని ఉండగా పెరటి గుమ్మం చప్పుడైంది. అతనే. ముందు దిగులుగా నిలబడ్డాడు. దిగులు నిజమే, కాదనను. తర్వాత, ఫంక్షన్ హాలువాళ్లు మిషను కోసం మీద కూర్చున్నారని నసిగాడు.

"దీన్ని ఎట్టా బిగించాలో అక్కగారు మీకేమన్నా చెప్పిందాండీ?" అన్నాడు.

నాకు ఒక్క ముక్క తెలియదు. అయినా చెప్పిందన్నాను. "ఇంట్లోంచి వీధి గుమ్మానికి వెళ్లు. అక్కడ కూర్చున్నవాళ్లందరూ వినేట్టు ఇదే మాట అడుగు. అప్పుడు చెబుతాను."

అతను వంగాడు. పళ్లెం రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నా ముందు నడిచాడు. ఐస్ బాక్సు పక్కనుంచి వెళ్తూ ఆగాడు, ఆవిడ మొహం చూశాడు. ఇక చెబుతాడనే అనుకున్నాను. గుమ్మం దాటి షామియానా కిందికి వెళ్లాడు. మా పెదమామగారు ఏంటయ్యా అది అని అడిగారు. కుర్చీల్లో వాళ్లందరూ తలలు తిప్పారు. అతను నోరు తెరిచాడు. ఒకసారి వెనక్కి తిరిగి నా వంక చూశాడు.

"ఏం లేదండీ. మన మెకానిక్ గారి పాత సామాన్లు. వృథాగా పడున్నయ్యని ఇచ్చారు" అన్నాడు.

అది విప్పింది మా అక్కయ్య అని నేను గుమ్మంలోంచి అరిచాను. మీ మిషన్లన్నీ బాగుచేసింది ఆవిడేనని అరిచాను. దుఃఖంలో ఉంది, మంచినీళ్లు ఇవ్వండి అని ఎవరో అన్నారు. ఎవరో నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. స్ప్రింగు దొర్లిపోకుండా అతను పళ్లెం వంకే చూసుకుంటూ మెల్లగా అడుగులేస్తున్నాడు. మెకానిక్ వెళ్తున్నాడు, కాస్త దారివ్వండయ్యా అన్నారు మా పెదమామగారు. కుర్చీల్లో వాళ్లందరూ మర్యాదగా కాళ్లు ముడుచుకున్నారు.