నేను పొదుపు చేసిన వేలిబొమ్మ

ఆ రోజుల్లో అంటే నా పెళ్లినాటి మాట అనుకునేరు. నేను చెప్పేది నిరుటి సంగతి. అరవై దాటాక జొన్నరొట్టెలు అమ్మడం మొదలుపెట్టాను కాబట్టి, వ్యాపారంలో నా చిన్నతనం అదే. చిన్నతనం ఏ వయసులో వచ్చినా తెలివితక్కువ పనులు వెంటబెట్టుకునే వస్తుందని అప్పుడు తెలిసింది.

మాది బేతంచెర్ల. కొడుకుది బండల వ్యాపారం. ఇంటిముందు వసారాలో నేను పొయ్యి పెట్టుకుంటే, వాడు అక్కడ పాలిష్ బండలు పేర్చాలని చూస్తున్నాడు. "నెల లోపల ఎవురన్నా రొట్టెలు అడిగితే వసారా నీది మా, లేదంటే నాది" అన్నాడు. మనవరాలు కర్నూలులో యాప్‌లు తయారుచేసే చోట పనిచేస్తుంది. ఇంటి వంటలు అమ్ముకునేవాళ్ల కోసం వాళ్లు చేసిన యాప్ ఒకటి నా ఫోన్లో వేసింది. తెరిస్తే చాలు, ఒక వేలిబొమ్మ వచ్చి ఇక్కడ నొక్కండి, ఇక్కడ ధర పెట్టండి అని దారి చూపేది. (రెండో తరగతితో బడి మానినదాన్ని, కూడబలుక్కుని చదవగలను.)

"ఈ వేలు ఎప్పుడూ వస్తాదా?" అని అడిగాను.

"రాదవ్వా. ప్రతి మనిషికీ యాప్ లోపలే ఒక గుర్తు ఉంటాది. నీకిప్పుడు 'కొత్త' అనే గుర్తు ఉండాది, అందుకే వేలు వస్తాంది. చివరిదాకా నొక్కితే 'నేర్చుకున్నారు' అని గుర్తు మారతాది. మళ్లా రాదు" అని చెప్పి బస్సెక్కింది.

రాదు అన్న మాటే నా చెవిలో నిలిచింది. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అంటించి వాడే మనిషిని, అయిపోయే వస్తువును ఒక్కసారిగా వాడేస్తానా? రోజూ తెరిచి, వేలు చూపినట్టల్లా నొక్కుకుంటూ పోయి, 'ఆఖరి మెట్టు' అన్న మాట పైన కనబడగానే, కిందిది చదవకుండా 'తర్వాత' అని నొక్కి మూసేదాన్ని. మర్నాడు వేలు మళ్లీ మొదటినుంచి వచ్చేది. బాగా మిగిల్చానని మురిసేదాన్ని. రొట్టెలు మాత్రం ఎవరూ అడగలేదు.

పక్కింటి బూబమ్మ గోడ మీదుగా చూసి, "ఏమక్కా, శానా తట్టినావు, ఎవురికి?" అంది.

"వచ్చేవాళ్లకు."

"యాడ వస్తాండారు? నీ కొడుకే కూచోని తింటాండాడు."

నెల ముగిసే రోజు బండల ట్రాక్టరు వచ్చింది. కూలీలు వసారాలో పేర్చడం మొదలుపెట్టారు. ఆదివారం కావడంతో మనవరాలూ వచ్చి, నా ఫోన్ తీసుకుని చూసింది.

"అవ్వా, నీకింకా కొత్త గుర్తే ఉండాది. ఆఖరి మెట్టు ఏందో చదివినావా?"

చదవలేదు. ఫోన్ అందుకుని అప్పుడు చదివాను. 'దుకాణం తెరవండి' అని ఉంది. నెలంతా మూసిన దుకాణంలో కూర్చుని రొట్టెలు తట్టానన్నమాట.

"ఇటియ్యి, గుర్తు నేను మార్చేస్తా."

"నువ్వు చెయ్యి పెట్టొద్దు. వేలు చూపిచ్చింది నాకు, నేనే నొక్కుతా."

నొక్కాను. వేలిబొమ్మ పోయింది. మధ్యాహ్నం దాటింది. కొడుకు "ఇంగ చాలు మా, పొయ్యి తీయి" అంటుండగా ఫోన్ మోగింది. స్టేషన్ వీధిలో ఎవరికో రాత్రికి రొట్టెలు కావాలట.

"పొద్దు ఇంకా గుంకలేదు కదప్పా" అన్నాను. వాడు బండలన్నీ మళ్లీ బయటికి మోయించాడు.

ఇప్పుడు వసారా నాదే. ఈమధ్య మనవరాలిని, "ఆ కొత్త గుర్తు ఇంకోసారి పెట్టేకి అయితాదా?" అని అడిగాను. "ఎందుకవ్వా, నీకన్నీ వస్తాయి కదా" అంది. ఊరికే అడిగానన్నాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నుంచి నాకన్నీ వచ్చనుకునే అందరూ పని చెప్పారు. ఇది నీకు తెలియదులే, ఇలా చెయ్యి అని ఓపికగా చూపింది ఆ వేలు ఒక్కటే. దాన్ని అయిపోనివ్వకుండా నెల రోజులు దాచుకున్న ఆ ముసలిదాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది, తిట్టబుద్ధి మాత్రం కాదు.