చీకటి గదిలో ఇరికో

యవతహమ రేవులో పొగమంచు దిగిన ఉదయాల్లో ఎదుటి కొండ మాయమైపోతుంది. కొండ మెట్ల మీది నారింజ చెట్లు నేల లేకుండా గాలిలో నిలబడ్డట్టుంటాయి. ఓడ కూత వినిపిస్తుంది, ఓడ కనిపించదు. చిజురు ఆ ఊళ్ళో పుట్టి పెరిగింది. కానీ జీవితంలో ఎక్కువ భాగం ఆమె చూసిన పొగమంచు వేరు. అది మత్సుయామా నగరంలో, ఒక ఆసుపత్రిలో, కిటికీలు లేని గదిలో ఉండేది.

ఆమె అక్కడ అల్ట్రాసౌండ్ తీసేది. మనిషి కడుపు మీద గోరువెచ్చని జెల్ రాసి, చేతిలోని పిడిని మెల్లగా కదిపితే తెర మీద బూడిదరంగు మబ్బులు కమ్ముకునేవి. మొదట ఏమీ తెలిసేది కాదు. కాసేపటికి ఒక గట్టు, ఒక మడుగు, ఆ పక్కన లంకలాంటిదేదో తేలేది. చిజురుకు ఆ క్షణం ఇష్టం. బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో మరిచిపోయి ఆ నీడల ఒడ్డునే తిరిగేది.

పడుకున్నవాళ్ళు మెడ తిప్పి ఆమె మొహంలోకి చూసేవాళ్ళు.

"ఏం కనిపిస్తోందమ్మా?"

"డాక్టరుగారు చెబుతారండి."

అది ఆసుపత్రి నియమం. చూడడం ఆమె పని, చెప్పడం కాదు. ముఖంలో ఏదీ పైకి రానివ్వకూడదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నియమం ఆమె వెంట ఇంటికి కూడా వచ్చేసింది. పక్కింటివాళ్ళు పలకరిస్తే నవ్వి తల వంచేది. పెళ్ళి మాట వచ్చినప్పుడు కూడా అలాగే నవ్వి తల వంచింది. ఎదుటివాళ్ళు ఆ నవ్వుకు తమకు తోచిన అర్థం చెప్పుకుని వెళ్ళిపోయారు.

ఉద్యోగం అయిపోయాక యవతహమకు తిరిగి వచ్చింది. చెల్లెలి కూతురు కొజుయె రేవు వీధిలో జంతువుల ఆసుపత్రి నడుపుతోంది. ఆ ఊళ్ళో ఆవులూ గుర్రాలూ లేవు, వచ్చేవన్నీ పిల్లులే. పడవల్లో పుట్టినవి, చేపల బజారులో పెరిగినవి, ముసలమ్మల ఒళ్ళో ముసలివైనవి.

"పెద్దమ్మా, ఇంట్లో కూర్చుని గోడలకు స్కానింగ్ తీస్తావా? వచ్చి నాకు సాయం చెయ్యి. నేను పిల్లిని చూడాలి, తెరని చూడాలి, పిల్లి నన్ను కరవకుండా చూసుకోవాలి. నాకున్నవి రెండు చేతులే."

అలా చిజురు మళ్ళీ చీకటి గదిలోకి వెళ్ళింది. మొదట్లో నవ్వొచ్చింది. మనిషి పొట్ట సముద్రమైతే పిల్లి పొట్ట చిన్న చెరువు. వేలెడు దూరం జరిగితే అవతలి గట్టు వచ్చేస్తుంది. నెమ్మదిగా చేతికి ఆ కొలత అలవాటైంది.

శరత్కాలంలో ఒకరోజు హ్యోదో వచ్చాడు. రేవు పక్కన జాకోతెన్ కొట్టు ఆయనది. చిన్న చేపల్ని ముళ్ళతో సహా రుబ్బి, చదునుగా తట్టి, నూనెలో వేయిస్తాడు. ఆయన వచ్చాడంటే ముందు నూనె వాసన వస్తుంది, తరవాత మనిషి. చంకలో బుట్ట, బుట్టలో ఇరికో అనే చారల పిల్లి. పదహారేళ్ళ కిందట చేపల లారీలోంచి దిగి, నేరుగా కొట్లోకి నడిచి, గల్లాపెట్టె మీద కూర్చున్నదట. హ్యోదోకు భార్య పోయి చాలా కాలమైంది. రోజూ ఆయనతో అన్నం తినేది ఇరికో ఒక్కటే.

"చిక్కిపోతోంది డాక్టరమ్మా. ఎప్పుడు చూసినా నీళ్ళే. చేపలు కడిగే తొట్టిలో మూతి పెట్టి వదలదు."

కొజుయె రక్తం తీసి చూసింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగానే ఉంది.

"ఏం పెడుతున్నారండీ దీనికి?"

"జాకోతెన్ ముద్ద. ఉప్పు వెయ్యకముందే తీస్తాను, నేనేం వెర్రివాణ్ణి కాదు."

"ముళ్ళతో రుబ్బిందేగా?"

"ముళ్ళు తీసేస్తే దాన్ని జాకోతెన్ అనరు. ఆ మాట మాతో పోటీపడే ఉవజిమా ఊరివాళ్ళు కూడా ఒప్పుకుంటారు."

ఇరికోను దూది పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టారు. పొట్ట మీది బొచ్చు గీసేసరికి గులాబీరంగు చర్మం బయటపడింది. హ్యోదో దాని ముందుకాళ్ళు పట్టుకున్నాడు. చిజురు జెల్ సీసాను అరచేతుల మధ్య వెచ్చబెట్టి, రాసి, పిడి ఆనించింది. దీపం ఆర్పేశారు.

తెర మీద మంచు కమ్మింది. పేగులు నిద్రలో కదిలినట్టు కదిలాయి. మూత్రాశయం నల్లని కొలనులా వచ్చి పోయింది. ఆ తరవాత ఎడమ కిడ్నీ. మంచి కిడ్నీ అయితే చిక్కుడు గింజలా నునుపుగా ఉంటుంది. బయటి పొర కాస్త తెల్లగా, లోపలి భాగం నల్లగా, ఆ రెంటికీ మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఇది చిన్నగా ఉంది. అంచు అలలు కొరికిన ఒడ్డులా ఎగుడుదిగుడుగా ఉంది. మధ్య గీత నీళ్ళు పడ్డ సిరాలా పాకిపోయింది. కుడిది ఇంకా చిన్నది, ఒక పక్క నొక్కు పడి ఉంది. చిజురు చెయ్యి ఆగింది.

హ్యోదో తెర వైపు చూడలేదు. ఆమె మొహమే చూస్తున్నాడు.

"ఏం కనిపిస్తోందండీ?"

ఆమె నోటిదాకా పాత జవాబు వచ్చింది. పక్కన కూర్చుని తెర చూస్తున్న కొజుయె తల తిప్పకుండానే అంది. "నువ్వే చెప్పు పెద్దమ్మా. నేనూ చూస్తున్నాను, తప్పయితే ఆపుతాను."

ఆ గదిలో ఇరికో గురగుర తప్ప ఇంకే శబ్దమూ లేదు. ఆ గురగురకు తెర మీది మంచు కూడా సన్నగా వణుకుతోంది.

"రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయండీ," అంది చిజురు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఇది ఈ నెలలో వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి మెల్లగా అరిగాయి. పాత మచ్చలున్నాయి. కానీ రాళ్ళు లేవు. మూత్రం దారి ఎక్కడా మూసుకుపోలేదు. గడ్డలు కూడా ఏం కనిపించడం లేదు."

"అంటే బతుకుతుందా?"

ఇప్పుడు కొజుయె అందుకుంది. "ఈ బొమ్మ కిడ్నీ ఆకారం చెబుతుందండీ. ఎంత పని చేస్తోందో రక్తం, మూత్రం చెప్పాలి. అన్నీ కలిపి చూస్తే నయం చెయ్యలేం గానీ, నెమ్మదిగా నడిపించొచ్చు. మీ ముద్ద మాత్రం మానెయ్యాలి. ముళ్ళలో ఉన్న భాస్వరమే దీనికి విషం."

హ్యోదో తడి గుడ్డతో పిల్లి పొట్ట మీది జెల్ తుడిచాడు. వెళ్ళబోతూ చిజురు వైపు తిరిగి నడుం బాగా వంచి నమస్కరించాడు. "చెప్పారు, అది చాలు," అన్నాడు.

కిడ్నీ జబ్బున్న పిల్లులకు పెట్టే మేత మీద వారం రోజులు యుద్ధం జరిగింది.

"వెచ్చచేసి పెట్టాను చిజురుగారూ. గిన్నె చూసింది, నన్ను చూసింది. ఇన్నేళ్ళ బేరంలో నన్నలా చూసినవాడు లేడు."

"మీరు వండింది కాదని కనిపెట్టింది."

"పొగడ్తా అది?"

"ఏమో. తినేదాకా పక్కన కూర్చోండి."

తింది. కానీ రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. రోజూ తెల్లవారకముందే గంపెడు చేపల కడుపులు చీల్చే మనిషి సూది చూడగానే కళ్ళు మూసుకున్నాడు. దాంతో కొట్టు కట్టేసే వేళకు చిజురు వెళ్ళడం మొదలైంది. ఆమె సూది గుచ్చేది, ఆయన సీసా ఎత్తి పట్టుకునేవాడు. సెలైన్ దిగేంతసేపు ఇరికో భుజాల దగ్గర చిన్న మూపురం లేచేది. ఆ కాసేపట్లో మాటలు వచ్చేవి. చిజురు తెర మీద చూసినవన్నీ చెప్పేది. గర్భంలో బొటనవేలు చీకుతున్న పాప, పిత్తాశయంలో నక్షత్రాల్లాంటి రాళ్ళు, ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఎన్నో లంకలు, మడుగులు. హ్యోదో సీసా ఖాళీ అయిన సంగతి కూడా చూసుకునేవాడు కాదు.

"ఇన్ని మాటలు ఎక్కడ పెట్టుకున్నారండీ?"

"నాకూ తెలీదు."

మూడు నెలలకోసారి ఇరికో చీకటి గదికి వచ్చేది. ఎడమ కిడ్నీ అలాగే ఉండేది, కుడిది ఇంకాస్త కుంచించుకుపోయేది. రెండు చలికాలాలు అలా గడిచాయి. ఇరికో బరువు పెరగలేదు గానీ, గల్లాపెట్టె మీద తన చోటు వదల్లేదు. కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళను ఎప్పటిలాగే చిన్నచూపు చూసింది.

ఆ తరవాతి వసంతంలో తిండి మానేసింది. చిజురు పిడి ఆనించి చాలాసేపు వెతికింది. కుడి కిడ్నీ అంచు చుట్టూ ఉన్న మబ్బులో కలిసిపోయింది. ఎడమది ముడుచుకుపోయి ఉంది. రక్తం అంకెలు కొజుయె చేతిలో ఉన్నాయి. ఈసారి హ్యోదో అడగలేదు. చిజురే ఆయన వైపు తిరిగింది.

"ఇక సూదులు వద్దండీ. దీన్ని ఇంటికి తీసుకెళ్దాం."

కొజుయె తల ఊపింది. నొప్పి తెలియకుండా ఒక మందు మాత్రం ఇచ్చి పంపింది.

నారింజ చెట్లు పూసిన రోజులవి. కొండ మీంచి ఆ తెల్లపూల వాసన దిగి, నూనె వాసనను కూడా కప్పేసింది. కొట్టు గుమ్మంలో మధ్యాహ్నపు ఎండ పడే చోట ఇరికోను పడుకోబెట్టారు. హ్యోదో ఆ పూట మూకుడు పొయ్యెక్కించలేదు. చిన్న చేప ముద్ద ఒకటి చేసి దాని మూతి దగ్గర పెట్టాడు.

"ఇప్పుడు పెట్టొచ్చుగా?"

"పెట్టండి."

నాలుకతో ఒక్కసారి తాకింది. ఎండ గుమ్మం దాటి వీధిలోకి జరిగే సమయానికి ఇరికో పోయింది. చిజురు దాని పొట్ట మీద చెయ్యి వేసి ఉంచింది. పిడీ లేదు, తెరా లేదు. గీసినచోట మళ్ళీ మొలిచిన బొచ్చు మెత్తగా తగిలింది.

తరవాత కూడా ఆమె కొట్టు కట్టేసే వేళకు వెళ్ళింది. మొదటి రోజు ఇద్దరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. హ్యోదో టీ కాచాడు. పిల్లి ఉన్నన్నాళ్ళూ ఊరు దాటలేదని, అవతలి ఒడ్డున బెప్పులో వేడినీళ్ళ స్నానాలు బాగుంటాయని విన్నానే గానీ చూడలేదని అన్నాడు.

వేసవి దాటాక ఒకరోజు కొట్టుకు సెలవు కాగితం అంటించి, ఇద్దరూ పొద్దుటి ఓడ ఎక్కారు. నడిసముద్రంలో హ్యోదోకు కడుపులో తిప్పింది. ఇన్నేళ్ళూ చేపల మధ్య బతికినవాడు రెయిలింగు పట్టుకుని పాలిపోయి నిలబడ్డాడు. చిజురు నవ్వు ఆపుకోలేకపోయింది. బెప్పులో ఎవరి స్నానాల గదికి వాళ్ళు వెళ్ళారు. బయటికి వచ్చాక ఆవిరి మీద ఉడికించిన కోడిగుడ్లు కొనుక్కుని బల్ల మీద కూర్చుని తిన్నారు. ఎండకు సముద్రం మెరుస్తోంది. ఓడ తిరిగి బయల్దేరడానికి ఇంకా చాలా పొద్దు ఉంది.