అమ్మకి రెండు తద్దినాలు

అమ్మ పోయిన ఏడాదికి, తద్దినం ఏ రోజు పెట్టాలన్న విషయం మీద మా అన్నయ్య, తమ్ముడు మాటలు మానేశారు. బయటివాళ్లకి చెబితే నవ్వుతారు. ఎవరింట్లోనో జరిగిందని చెబితే నేనూ నవ్వేదాన్నే.

అన్నయ్య ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, తమ్ముడిది ఎల్‌బీ నగర్‌లో. అమ్మ ఇద్దరి దగ్గరా ఉండక, మూసారాంబాగ్‌లో నా అద్దె పోర్షన్‌లో నాతో ఉండేది. నేను పెళ్లి చేసుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. "కోడళ్ల దగ్గర కాఫీ కావాలన్నా గొంతు సవరించుకోవాలి, నీ దగ్గరైతే కేకేస్తే చాలు" అనేది అమ్మ. నిజంగానే కేకేసేది.

ఒకరోజు పొద్దున్న పాలు కాస్తూ స్టవ్ దగ్గరే కూలబడిపోయింది. ఆసుపత్రిలో చేర్చాం. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ఊపిరి కోసం మెషిన్ పెట్టొచ్చు గానీ ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. తమ్ముడు ఆ పొద్దున్నే పని మీద విజయవాడ బస్సెక్కాడు. అన్నయ్య వరండాలో నిలబడి ఫోన్ చేశాడు, కలవలేదు. మళ్లీ చేశాడు. తరువాత డాక్టరు దగ్గరికి వెళ్లి, "వద్దండీ, ఇంక ఆవిణ్ణి హింస పెట్టొద్దు. ఇంటికి తీసుకుపోతాం" అన్నాడు. నేను అతని పక్కనే ఉన్నాను. నావైపు తిరిగి చూడలేదు.

మర్నాడు పొద్దున్న నా ఇంట్లోనే ప్రాణం పోయింది. తమ్ముడు రాత్రి బస్సులో తిరిగొచ్చి, ఎల్‌బీ నగర్‌లో దిగి, ఆటోలో వచ్చేసరికి అమ్మని చాప మీదకి దింపేశారు. వాడు ఏడవలేదు. చాలాసేపు కాళ్ల దగ్గర కూర్చుని, "మెషిన్ పెట్టి ఉంటే?" అన్నాడు. అన్నయ్య అప్పటికే పురోహితుడితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

కర్మలన్నీ ఇద్దరూ కలిసే చేశారు. నెలనెలా మాసికాలు అన్నయ్య ఇంట్లో జరిగేవి. తమ్ముడు వచ్చేవాడు, భోజనం చేసేవాడు, చెయ్యి తుడుచుకుంటూనే చెప్పులేసుకునేవాడు. అలా ఏడాది గడిచింది.

తద్దినం దగ్గర పడుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అన్నయ్య మంగళవారం అంటున్నాడు. నేను అడిగితే మా అయ్యగారు బుధవారం అన్నారు. ఏది నిజం?"

రెండు పంచాంగాలూ తెప్పించుకుని చూశాను. ఇద్దరూ చెప్పింది నిజమే. అన్నయ్యది గోదావరి వైపు నుంచి మా తాతలనాటి అలవాటుగా వస్తున్న పంచాంగం, పాత పద్ధతిలో గణించింది. తమ్ముడి పురోహితుడు బడంగ్‌పేట్ ఆయన, దృక్ పద్ధతి, అంటే కొత్త లెక్క పంచాంగం చూస్తాడు. తిథి అంటే మరేం కాదు, ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. అందుకే తిథి ఎప్పుడొస్తుందో ముందే చెప్పాలంటే చంద్రుడు ఆ వేళకి ఎక్కడుంటాడో ముందే తెలియాలి. ఇవాళ ఎక్కడున్నాడో చూసి, రోజుకి ఎంత నడుస్తాడో గుణిస్తే చాలనిపిస్తుంది. కానీ చంద్రుడు ఒక్క తీరుగా నడవడు. భూమికి దగ్గరైనప్పుడు వడివడిగా పోతాడు, దూరమైనప్పుడు నెమ్మదిస్తాడు. అది పాతవాళ్లకీ తెలుసు, దానికి సవరణ పెట్టారు. అయితే సూర్యుడు కూడా చంద్రుణ్ణి ఒక పక్కకి లాగుతూనే ఉంటాడు. ఆ లాగుడు వల్ల నడకలో వచ్చే చిన్నచిన్న తేడాలు వందలకొద్దీ ఉన్నాయి. కొత్త లెక్కలో అవన్నీ కలుపుతారు, కలిపాక ఆకాశంలో కొలిచి సరిచూస్తారు. పాత లెక్కలో అవి లేవు. కనుక రెండింటికీ కొన్ని గంటల తేడా వస్తుంది. మామూలు రోజుల్లో ఆ తేడా ఎవరికీ పట్టదు. తద్దినానికి మాత్రం మధ్యాహ్నం వేళ తిథి ఉన్న రోజు చూడాలి. ఆ ఏడు అమ్మ తిథి పాత లెక్కలో మంగళవారం మధ్యాహ్నానికి ముందే వచ్చేసింది. కొత్త లెక్కలో మధ్యాహ్నం దాటాక వచ్చింది, అంటే బుధవారం మధ్యాహ్నానికే లెక్కకి వస్తుంది.

కాలేజీలో గ్రహగతుల పాఠానికి నాకు ఇచ్చేది ఒక్క పీరియడ్. సూత్రం చెప్పి, లెక్కలు చేయించి, ముందుకి పోవాలి. చంద్రుడి నడక గురించి పిల్లలకి ఇంత వివరంగా చెప్పే వీలు ఏనాడూ దొరకలేదు. మొదటిసారి నా చదువు మా ఇంటికే పనికొస్తుందనుకుని సంబరపడ్డాను కూడా.

ఆదివారం ఇద్దర్నీ నా పోర్షన్‌కి పిలిచాను. భోజనాలయ్యాక విషయం ఎత్తాను.

"అన్నయ్యా, చంద్రుడు నిజంగా ఉన్న చోటు చూస్తే బుధవారమే సరైనది."

"మన తాతముత్తాతలంతా ఈ పంచాంగంతోనే పెట్టారు. వాళ్లందరూ తప్పు రోజున పెట్టారంటావా?"

"తప్పని కాదు. వాళ్లకి అందినంత లెక్క వాళ్లు వేశారు."

"నీకు ఫిజిక్స్ తెలుసు, సరే. ఇది ఫిజిక్స్ కాదు."

అప్పుడు తమ్ముడివైపు తిరిగాను. "పోనీ నువ్వైనా సర్దుకోరా. నాన్న తద్దినానికి ఇన్నేళ్లూ పాత పంచాంగమే కదా. ఒక్కసారైనా అడిగావా?"

"నాన్న విషయంలో అడగాల్సిందేమీ లేదు" అన్నాడు వాడు.

అన్నయ్య కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు.

"అంటే?"

"అంటే అన్నీ నువ్వే నిర్ణయిస్తావు. ఆసుపత్రిలోనూ నువ్వే, ఇప్పుడూ నువ్వే."

"ఫోన్ కలవలేదురా."

"మళ్లీ చెయ్యొచ్చు. నేను విజయవాడ పోయే బస్సులో ఉన్నాను, చచ్చిపోలేదు. నాలుగైదు గంటలు ఆగితే ఏం పోయేది?"

"ఆ పూట అనుభవించింది నేను. నువ్వు కాదు."

అమ్మ నా చేతుల్లో పోయింది. ఆ ముందురోజు అన్నయ్య డాక్టరుతో మెషిన్ వద్దని చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. తమ్ముడు కూడా బస్సు దిగాక నాకు ఫోన్ చేయలేదు, అన్నయ్యకే చేశాడు. ఇద్దరూ నా ఇంట్లో, నా వంట తిని, నన్ను దాటి మాట్లాడుకుంటున్నారు. "నన్ను ఎవరూ అడగలేదే" అన్నాను. నేను నీళ్లు కావాలా అని అడిగినట్టు ఇద్దరూ ఒకసారి చూసి, మళ్లీ వాళ్ల గొడవలో పడిపోయారు. పిండం పెట్టే హక్కు లేనిదానికి రోజు చెప్పే హక్కు ఎక్కణ్ణించి వస్తుంది?

మంగళవారం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. వదినతో కలిసి మడి కట్టుకుని గారెలు వండాను. అన్నయ్య తమ్ముడి పేరెత్తలేదు. బుధవారం ఎల్‌బీ నగర్ వెళ్లాను. అక్కడా అవే గారెలు, అవే మంత్రాలు. పురోహితుడు నేను ఏం చదువుకున్నానో విని సంతోషించాడు. "గా లెక్కలు పాతవైనయమ్మా, గిప్పుడు దృక్కే కరెక్టు" అన్నాడు నాతో. అవునని తలూపాను. తమ్ముడు గెలిచినవాడిలా నవ్వాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

రెండు రోజులూ కాలేజీకి సెలవు పెట్టానని మా ఓనరమ్మ గమనించింది. వాళ్లది పోచంపల్లి, కింద చీరల షాపు. సంగతి విని, "ఏంది టీచరమ్మా, మీ అమ్మ రెండుసార్లు పోయిందా ఏంది?" అంది. ఎగతాళికి అనలేదు, జాలిగానే అంది. అయినా మెట్లెక్కి గదిలోకి వచ్చాక కోపంతో తలుపు దడాలున వేశాను.

మరుసటి ఉగాదికి కొత్త పంచాంగాలు రాగానే ముందు అమ్మ తిథి చూశాను. రెండింట్లోనూ ఒకటే రోజు. ఏ లెక్క ప్రకారం చూసినా మధ్యాహ్నం వేళకి తిథి ఉంది. పేచీకి తావే లేదు. నాకెంత ఆనందం వేసిందంటే, క్లాసు మధ్యలో బయటికి వచ్చి అన్నయ్యకి ఫోన్ చేశాను.

"రమ్మను. నేను వద్దన్నానా?" అన్నాడు.

తమ్ముడికి చేశాను. "పిలిస్తే వస్తాను. నువ్వు పిలవడం కాదు, ఆయన పిలవాలి" అన్నాడు.

ఆయన పిలవలేదు. వీడు వెళ్లలేదు. ఆ రోజుకి వారం ముందు వదిన ఫోన్ చేసి, "నువ్వు మా ఇంటికే కదా? పప్పు ఎంత నానబెట్టాలో తెలియాలి" అంది. అదే సాయంత్రం మరదలు చేసి, "వదినా, ఈసారి ఒకటే రోజు వచ్చింది కదా, మరి మీరు ఎటు వస్తారు?" అని అడిగింది. రెండిళ్లలోనూ ఒకే తిథి, ఒకే వేళ, ఒకే అమ్మ.

ఆ పొద్దున్న తలస్నానం చేసి మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కాను. ఇద్దరిళ్లకీ అదే దారి. దిల్‌సుఖ్‌నగర్‌లో తలుపులు తెరుచుకున్నాయి. దిగలేదు. ఎల్‌బీ నగర్ ఆఖరి స్టేషన్ కాబట్టి అక్కడ అందరితోపాటు దిగాల్సి వచ్చింది. కానీ మెట్లు దిగి కిందికి వెళ్లలేకపోయాను. కాసేపు బెంచీ మీద కూర్చుని, తిరుగు రైలెక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. అన్నయ్య వీధి దాటి నేరుగా కాలేజీకి పోయాను. సెలవు పెట్టిన మనిషి ఎందుకొచ్చిందని ప్రిన్సిపాల్ అడిగితే పని అయిపోయిందన్నాను. అమ్మ తద్దినం రోజు మధ్యాహ్నం, క్యాంటీన్‌లో, ఉల్లిపాయల సాంబారుతో ఇడ్లీ తిన్నాను. కావాలనే తిన్నాను.

సాయంత్రం ఇద్దరూ ఫోన్ చేశారు. "కన్నకూతురివి, నువ్వే రాకపోతే ఎలా?" అన్నాడు అన్నయ్య. ఆ రోజు ఆసుపత్రిలో ఆ కన్నకూతురు గుర్తుకు రాలేదేం అని అడగాలనుకున్నాను. అడగలేదు. తమ్ముడు మాత్రం ఒకటే అడిగాడు.

"వాళ్లింటికి వెళ్లావా?"

"ఎక్కడికీ వెళ్లలేదురా."

వాడు నమ్మలేదు. "సరేలే అక్కా" అని పెట్టేశాడు.

ఈ ఏడు అమ్మ తిథి మళ్లీ రెండు పంచాంగాల్లో రెండు రోజుల మీద పడింది. ఎవరూ నాకు చెప్పలేదు, నేనే చూసుకున్నాను. రెండు రోజులూ పాఠాలు చెప్పాను. పప్పు గురించి ఎవరూ ఫోన్ చేయలేదు.