పిన్ని తీసేసిన అధ్యాయం

పోయిన నెల ఒక మధ్యాహ్నం బాబాయి ఫోన్ చేశాడు. "మీ పిన్ని పోయిందమ్మా" అన్నాడు. గుండెపోటు. మేముండే క్యారీ ఊళ్ళోనే వాళ్ళిల్లు, మాకు దగ్గరే. నేను వెళ్ళేసరికి అంబులెన్స్ వెళ్ళిపోయింది.

పిన్ని మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేదని చాలామందికి తెలుసు. లేఆఫ్‌లో ఆ ఉద్యోగం పోయాక, అరవైకి దగ్గరపడుతూ క్రియేటివ్ రైటింగ్‌లో మాస్టర్స్‌కి చేరిందని కొద్దిమందికే తెలుసు. చదువంతా ఆన్‌లైన్‌లోనే. వేసవిలో, చలికాలంలో మాత్రం కొన్నాళ్ళు క్యాంపస్‌లో ఉండి రావాలి. "డార్మ్‌లో పై బంకు మంచం ఇచ్చారే. ఎక్కాను గానీ దిగడం రాలేదు" అని నవ్వింది మొదటిసారి వెళ్ళొచ్చి.

డిగ్రీకని తన జీవితాన్నే పుస్తకంగా రాస్తూ, ప్రతినెలా ప్రొఫెసర్‌కి పంపే పేజీలు ముందు నాకు చదివి వినిపించేది. ఇంగ్లిష్‌లో రాస్తూనే, "ఇది మనం తెలుగులో ఎలా అంటాం?" అని అడిగేది. మాట దొరికేదాకా, చారు పొంగుతున్నా లేచేది కాదు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆమె చలవే.

ఒక అధ్యాయం కూతురి గురించి రాసింది. తను ఇష్టపడ్డ అబ్బాయిని పిన్ని కాదన్నప్పటినుంచి, ఎక్కడో దూరాన ఫ్రిస్కోలో ఉండే మా చెల్లికి తల్లితో మాటలు తగ్గాయి. పంపేముందు పిన్ని చెల్లికి ఫోన్ చేసి, పంపనా అని అడిగింది. స్పీకర్‌లో నేనూ విన్నాను.

"నో, అమ్మా. నా లైఫ్ నీకు హోంవర్క్ కాదు."

పిన్ని వాదించలేదు. పేజీలన్నీ డిలీట్ చేసేసింది.

"పుస్తకం మొత్తంలో అదే బాగుంది, పిన్నీ!"

"రాయడం నాది. బతుకు దానిది కూడా కదే" అంది.

తర్వాత ఆ చోట ఏం రాసినా, ఇక్కడేదో ఖాళీ ఉందనేవారట ప్రొఫెసర్. చివరి సెమిస్టరంతా దాంతోనే అవస్థపడింది. డిగ్రీ చేతికి రాకుండానే వెళ్ళిపోయింది.

అంత్యక్రియలయ్యాక పార్కింగ్ లాట్‌లో చెల్లి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఆ చాప్టర్ ఉందా?"

"లేదురా. నువ్వు వద్దన్నావని తీసేసింది."

"నువ్వు విన్నావ్ కదా. నన్ను బ్యాడ్‌గా రాసిందా?"

పిన్ని చెరిపేసినదాన్ని నేను చెప్పొచ్చో లేదో ఇప్పటికీ తెలీదు. చెప్పాను.

"నీకు డ్రైవింగ్ నేర్పిన రోజుల గురించి రాసింది. పక్కసీట్లో కూర్చుని, లేని బ్రేకుని తొక్కుతూనే ఉండేదట. నువ్వు బాగానే నడిపేదానివట. తన కాలే తన మాట వినేది కాదని రాసింది."

"కాలు... ఫుట్?"

తలూపాను.

చెల్లి కారెక్కింది. స్టార్ట్ చేయలేదు. స్టీరింగ్ పట్టుకుని, పక్కసీటు ముందున్న మ్యాట్ వైపు చూస్తూ ఉండిపోయింది.