ఆకుగది మేస్త్రీ గారి ముక్కు

మేస్త్రీ గారు పోయారని నాకు చెప్పింది ఫ్యాక్టరీ వాచ్‌మన్. పొద్దున్నే గేటు దగ్గర ఆపి, "తెల్లారుజామున పోయారంటండీ. గూడెం నుంచి ఫోనొచ్చింది. ఇవాళ పని లేదండీ," అన్నాడు. నేను సరేనని లోపలికి వెళ్లి, ఆకుగది తలుపు తీసి, రోజూలాగే నా పీట మీద కూర్చున్నాను. ఒంట్లో బాగాలేక రెండు నెలలుగా ఆయన రావడం లేదు. అయినా ఆయన పీట నా ఎదురుగా అలాగే ఉంది. తాడేపల్లిగూడెం బస్సు పోతుందని వాచ్‌మన్ వచ్చి పిలిచేదాకా నేను లేవలేదు.

వట్లూరు దాటాక రోడ్డు పక్కన ఉంటుంది మా చుట్టల ఫ్యాక్టరీ. మూడు తరాలుగా ఒకే కుటుంబం వారు నడుపుతున్నారు. లంక పొగాకును కట్టలు కట్టి మగ్గబెట్టే గదిని మేం ఆకుగది అంటాం. మా ఆయన పోయిన ఏడాది నేను అక్కడ ఆకు ఈనెలు తీసే పనిలో చేరాను. గదికి పెద్ద మేస్త్రీ గారు. కట్ట విప్పి, అందులో మొహం పెట్టి, కళ్లు మూసుకుని వాసన చూసి, "ఇంకా నిద్రలేవలేదమ్మా" అంటే ఆ ఆకు మగ్గలేదని అర్థం. "లేచింది" అంటే చుట్టడానికి పంపొచ్చు. "కోపంగా ఉంది" అంటే ఇక దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ గదిలో ఆయన పెట్టిన నియమాలు మా చర్చిలో కూడా లేవు. తలలో మల్లెపూలు పెట్టుకోకూడదు. కొబ్బరినూనె రాసుకొస్తే తలకు గుడ్డ చుట్టుకోవాలి. చేపల కూర తెచ్చుకుంటే క్యారేజీ ప్రహరీగోడ అవతలే పెట్టి రావాలి. "ఆకుకి చెవుల్లేవు, ముక్కుంది. పక్కన ఏది పెడితే దాన్ని పీల్చేసుకుంటది," అనేవారు. ఒకసారి ఈస్టరు ఆరాధన నుంచి మూర పూలతో నేరుగా పనికొస్తే, గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. ఆ రోజంతా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

తర్వాత ఒక ఏడు ఊరంతా జ్వరాలు. మేస్త్రీ గారు మూడు వారాలు మంచం పట్టి, సగమై తిరిగొచ్చారు. ఆ వారంలోనే కొల్లేటి ఒడ్డున ఉండే మా తమ్ముడు కొర్రమీను పంపాడు. పులుసు పెట్టి, కంగారులో క్యారేజీని నాతోపాటే ఆకుగదిలోకి తెచ్చేశాను. మూత వదులై పులుసు కారింది. గదంతా చేపల వాసన. ఇక తిట్లు తప్పవని తల వంచుకున్నాను. ఆయన మాత్రం నాకు రెండు బారల దూరంలో కూర్చుని, ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని, "లేచిందమ్మా, పక్కన పెట్టు," అన్నారు.

తిట్లు రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. చివరికి నేనే క్యారేజీ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను. ఇప్పుడు తలచుకుంటే అది క్రూరమైన పని.

"ఏంటమ్మా అది?"

"చేపల పులుసండీ."

ఆయన చేతిలో ఆకు కింద పెట్టేశారు. "జ్వరంతో పాటే పోయిందమ్మా. ఎవరికీ చెప్పకు. ముక్కు లేని మేస్త్రీని ఎవరుంచుకుంటారు చెప్పు?" అన్నారు.

సరిగ్గా అప్పుడే యజమాని గారి రెండో అబ్బాయి, మేం చిన్నబాబు గారని పిలిచే ఆయన, కొత్త సిగారు మొదలుపెట్టారు. మన లంక ఆకుతోనే, చెక్కపెట్టెలో, బంగారు రంగు పట్టీ చుట్టి, హైదరాబాదు పెద్ద హోటళ్లకు పంపాలని ఆయన ఆశ. యజమాని గారు ఒప్పుకుంటూ ఒకటే మాట అన్నారు: ఏ ఆకు ఏ ఆకుతో కలపాలో మేస్త్రీ గారే తేల్చాలి, ఆయన సరేనంటేనే పెట్టె బయటికి వెళ్లాలి.

అలా వాసన చూడడం నా పని అయింది. మొదట్లో బాగుందనో, బాగాలేదనో చెప్పేదాన్ని. ఆయనకు ఒళ్లు మండేది. "బాగుందంటే ఏంటమ్మా, పెళ్లి భోజనమా? ఎలా ఉందో చెప్పు!" దాంతో మాటలు వెతుక్కోవడం నేర్చుకున్నాను. తడిసిన కొత్త గోనెసంచిలా ఉందండీ. బెల్లం పాకం అడుగంటినట్టుందండీ. మా నాన్న బైబిలు అట్టలా ఉందండీ. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. విని, ఏ ఆకు ఎంత, ఇంకా ఎన్నాళ్లు మగ్గాలి అన్నది చెప్పేవారు. ఆ లెక్క ఇప్పటికీ నాకు రాదు. వాసన నాది, తెలివి ఆయనది.

కొన్నాళ్లకు పొగాకు ఒక్కటే కాదు, అన్నీ అడగడం మొదలుపెట్టారు. "వాన పడిందిగా, మట్టి ఎలా ఉంది?" అనేవారు. మధ్యాహ్నం తన క్యారేజీ మూత తీసి నా వైపు జరిపేవారు. "ముందు నువ్వు చెప్పు, తర్వాత తింటాను." పప్పులో ఇంగువ ఎక్కువైందండీ అంటే నవ్వుకుని తినేవారు. మా ఆయన పోయాక నా మాట కోసం అంత ఎదురుచూసిన మనిషి మరొకరు లేరు.

సిగారు విడుదల చేసిన రోజు ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా వేశారు. మొదటి సిగారు మేస్త్రీ గారే వెలిగించారు. దండ వేశారు, మైకు ఇచ్చారు. ఆయన మైకు పట్టుకుని, "ఈ వాసన చూసింది నేను కాదండీ. మా ఆకుగదిలో అమ్మాయి," అని నా వైపు చెయ్యి చూపించారు. అందరూ పకపకా నవ్వారు. ఎంత వినయమండీ అంటూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు, "చెప్పానమ్మా, వినలేదు. మళ్లీ చెప్పమంటావా?" అని అడిగారు.

"వద్దండీ," అన్నాను. ఆయన ఉద్యోగం కోసమని పైకి అన్నాను. అసలు సంగతి వేరు. ఆయన్ని ఇంటికి పంపేస్తే నా ఎదుటి పీట ఖాళీ అయిపోతుంది. నా స్వార్థం కొద్దీ ఆ పేరు ఆయన మీదే ఉంచాను. ఆయన చెప్పాలనుకున్నది, వద్దన్న నేనే ఇప్పుడు రాస్తున్నాను.

గూడెంలో బస్సు దిగి వెళ్లేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు. చిన్నబాబు గారు కొత్త సిగారు పెట్టె తెచ్చారు. ఒకటి వెలిగించి, సాసరులో పెట్టి, తల దగ్గర దీపం పక్కన ఉంచారు. "ఎంత కమ్మటి వాసనండీ," అన్నారెవరో. పొగ నా దాకా వచ్చింది. బూజు. ఈ వానలకి పెట్టెలో చెమ్మ చేరింది. అలవాటు కొద్దీ మేస్త్రీ గారి వైపు తిరిగి, చెప్పడానికి నోరు కూడా తెరిచాను.

తర్వాత ఏమనుకున్నానో తెలియదు. జనాన్ని తప్పించుకుని వెళ్లి ఆ సిగారు తీసేశాను.

"అయ్యో, అదేంటమ్మా?" అంది ఒకావిడ.

"చెమ్మ పట్టిందండీ. ఇది ఆయన దగ్గర ఉంచకూడదు."

చిన్నబాబు గారు నా చేతిలోది వాసన చూశారు. "నాకేం తెలియట్లేదే! మీకెలా తెలిసిందండీ?"

"మేస్త్రీ గారు నేర్పిందేనండీ," అన్నాను.

చిన్నబాబు గారు వేరే పెట్టె కోసం కారు దగ్గరికి వెళ్లారు. ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. వెలుగుతున్న సిగారు చేత్తో పట్టుకుని, ఎక్కడ పారేయాలో తెలియక, ఆ వరండా మెట్ల మీద అలాగే నిలబడిపోయాను.