బాపు చాకు ఇంట్లోనే ఉండిపోయిన రోజు

మా చిన్నప్పుడు... పొద్దున్నే వాకిట్లో బాపు, అదే మా నాన్న, వేపపుల్ల చెక్కుతున్న చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. కళ్ళు నులుముకుంటూ వెళ్తే నాకోసం ఇంకో పుల్ల సన్నగా చెక్కి ఇచ్చేవాడు. అప్పుడు చూడాలి ఆ చాకును... కొమ్ము పిడి, మడిస్తే నా అరచేతిలో దాగిపోయేంత!

జాతరలో కొన్నది. రోజూ బొడ్లో దోపుకోవాల్సిందే. చేను దగ్గర జొన్నరొట్టెలోకి ఉల్లిగడ్డ కోయాలన్నా, నా అరికాల్లో తుమ్మముల్లు తీయాలన్నా, మెడకు తాడు చిక్కుకున్న దూడను విడిపించాలన్నా అదే. తలకు రుమాలు లేకుండానైనా గడప దాటేవాడేమో గానీ, చాకు లేకుండా దాటేవాడు కాదు.

అవి పోలీస్ యాక్షన్‌కు ముందటి నెలలు. మా ఇబ్రహీంపట్నంలో ఎప్పుడు ఎవరొచ్చి ఇల్లు సోదా చేస్తారో తెలియదు. ఎవరు ఎటువైపో పిల్లలం మాకేం తెలుసు... నాయనమ్మ అందరినీ కలిపి 'తుపాకులోళ్ళు' అనేది. ఇంట్లో ఇనుము కనిపిస్తే కొంప మునుగుతుందని గొడ్డలి, కొడవళ్ళు అన్నీ గడ్డివాము అడుగున దాచేసింది. బాపు చాకు మాత్రం ఇవ్వలేదు.

"గిది ఆయుధమా ఏందే అమ్మా? ఉల్లిగడ్డ కోసుకునేది!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే అమ్మకు కాన్పయింది. మూడో ఆడపిల్ల. పెద్దదాన్ని నేనే.

బిడ్డ పుడితే వాడంతా బెల్లం పంచాలి. నాయనమ్మ బెల్లం కుండ మూత కూడా తీయలేదు. పక్కింటావిడ తొంగిచూసి "మల్ల ఆడిపిల్లనేనా?" అని మూతి తిప్పుకుని పోయింది. బాపు మొహం మాడిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

పురుడు స్నానం అయ్యేదాకా బాలింత తలకింద ఇనుము ఉండాలి... తల్లికీ బిడ్డకూ గాలీ ధూళీ సోకకూడదని. మామూలుగా కొడవలి పెట్టేవాళ్ళు. అవేమో గడ్డివాములో ఉన్నాయాయె! నాయనమ్మ బాపు ముందు చెయ్యి చాపింది.

"ఇటియ్ నీ చాకు."

"అది లేకుంటె నాకు చెయ్యి ఇరిగినట్లుంటదే."

"ఇరగనీ. తానమయ్యేదాంక ముట్టినవో, సూడు మల్ల!"

ఇక బాపు అవస్థ చెప్పనలవి కాదు. మాటిమాటికీ నడుము తడుముకోవడం, నిట్టూర్చడం... నాకు నవ్వొచ్చేది కూడా.

ఆ వారంలోనే యాచారంలోని మా అమ్మమ్మవాళ్ళకు పురుడు కబురు చెప్పడానికి బాపు బయల్దేరాడు. అంత దూరం చాకు లేకుండానా? పురిటి గదిలోకి మగవాళ్ళు అడుగుపెట్టకూడదు. అయినా పిల్లిలా దూరి, అమ్మ నిద్రలో ఉండగా దిండు కిందికి చెయ్యి పోనిచ్చాడు. అంతే... చంటిది కెవ్వుమంది! ఆ గొంతేమిటమ్మా తల్లీ, ఇల్లంతా దద్దరిల్లింది.

నాయనమ్మ వంటింట్లోంచి ఉరికొచ్చింది. "దొంగ సచ్చినోడా! బాలింత మెత్త కింద చెయ్యి వెడ్తవా?"

బాపు గొణుక్కుంటూ ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వాడ చివర ఉండే కాక, మాకు బాబాయి వరస, రొప్పుతూ వచ్చాడు. "యాచారం తొవ్వల తుపాకులోళ్ళు అందర్ని ఆపుతున్నరు. ఎవ్వని నడుముల కత్తి దొరికినా లారీ ఎక్కిస్తున్నరు. అన్న ఏడి?"

 నాయనమ్మ ఒక్క ఉదుటున లోపలికి పరుగెత్తింది. నాకర్థమైంది... బాపు మళ్ళీ వెనక్కొచ్చి దొంగతనంగా చాకు తీసుకుపోయాడేమోనని ఆమె భయం. నేనూ వెనకే ఉరికాను. నాయనమ్మ దిండు ఎత్తింది.

చాకు అక్కడే ఉంది.

దాన్ని గుండెకు అదుముకుని నాయనమ్మ ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు. ఆ తర్వాత ఎవరూ ముద్ద ముట్టలేదు. అందరం తోవకేసి చూస్తూ కూర్చున్నాం.

పొద్దు వాలేవేళకు బాపు వచ్చాడు. రుమాలు లేదు, ఒళ్ళంతా దుమ్ము. ఆయన ముందు నిలబడిన మనిషి దగ్గర వక్కలు కోసుకునే చిన్న కత్తి దొరికిందట... లారీ ఎక్కించారట. బాపు నడుము తడిమి, చుట్టల సంచి తప్ప ఏమీ దొరక్క "పో" అన్నారట. ఆ పెద్దమనిషి పోలీస్ యాక్షన్ అయ్యాక తిరిగొచ్చాడు గానీ, మునుపటి మనిషి కాలేకపోయాడు.

బాపు నేరుగా పురిటి గదిలోకి వెళ్ళాడు. మైల అని నాయనమ్మ అరవలేదు. చంటిదాని పాదాలు రెండూ కళ్ళకద్దుకుని, "నువ్వు ఏడ్వకపోతె నేను లేకపోదును బిడ్డా" అని వెక్కివెక్కి ఏడ్చాడు. బాపు ఏడవడం నేను చూసింది అప్పుడే.

నాయనమ్మ బెల్లం కుండ చంకనెత్తుకుని వాడంతా తిరిగింది. పక్కింటావిడ "ఆడిపిల్లకు బెల్లం ఏందే?" అంటే, "నా కొడుకును నాకు ఇచ్చింది, నోరు తెరువ్!" అని ముద్ద నోట్లో కుక్కింది.

ఆ తర్వాత మా ఇంట్లో ఆడపిల్లలమని మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ముగ్గురినీ బడికి పంపారు. నాలుగక్షరాలు చదువుకుని ఇది మీకు చెప్పగలుగుతున్నానంటే ఆ చంటిదాని పుణ్యమే... ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

బాపు పోయాక చాకు నాకు వచ్చింది. ఇప్పటికీ నా బొడ్డు సంచిలోనే ఉంటుంది. మామిడికాయ కోసినా, మందుల అట్ట కత్తిరించినా అదే. "కత్తి అవ్వ" అని మనవలు ఆటపట్టిస్తారు... పట్టించనీ!

మొన్న మా మనవరాలు బొంగులూరు దగ్గరి దవాఖానలో ప్రసవించింది. చాకు దిండు కింద పెడదామని పోతే గేటు దగ్గరి పిల్లాడు "లోపటికి పోనియ్య అవ్వా" అని తీసి పక్కన పెట్టుకున్నాడు. ఉసూరుమంటూ లోపలికి వెళ్ళాను. ఆడపిల్ల!

మీరు పుట్టిన రోజు మీ ఇంట్లో ఏం జరిగిందో, పెద్దవాళ్ళు ఉండగానే అడిగి తెలుసుకోండి... ఇక్కడ మాకూ చెప్పండి.

నేను మంచం దగ్గరికి చేరేసరికే మా మనవరాలి భర్త వార్డంతా స్వీట్లు పంచేస్తున్నాడు... ఆ చిట్టితల్లి ఇంకా ఎవరి ప్రాణమూ కాపాడకముందే.